లోవెల్ మిల్లుల మ్యూజియం చూశాను. ఆ ఊరిని కట్టినవాళ్ల గురించి మాట్లాడుకుందామా?

కొత్తగా_వచ్చా | లోవెల్, మసాచుసెట్స్

అందరికీ నమస్కారం. నేను ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను. రోజూ బస్సు కాలువల పక్క నుంచి, ఎర్ర ఇటుకల మిల్లుల పక్క నుంచే వెళ్తుంది. అవేమిటని ఎప్పుడూ పట్టించుకోలేదు. పోయిన ఆదివారం రూమ్మేట్స్‌తో కలిసి బూట్ కాటన్ మిల్స్ మ్యూజియానికి వెళ్లాను.

కింది అంతస్తులో నేత గది ఉంది. చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్స్ ఇస్తారు. లోపల 88 మరమగ్గాలు బారులు తీరి ఉంటాయి. వాటిలో నడిపేవి కొన్నే. ఆ కొన్నింటికే నేల అదిరిపోతోంది, అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా తెలుస్తుంది. పక్కనున్న ఫ్రెండ్ ఏదో చెబుతున్నాడు, పెదాలు కదలడమే కనిపిస్తోంది. అక్కడ నేసిన గుడ్డనే తువ్వాళ్లుగా కుట్టి మ్యూజియం షాపులో అమ్ముతున్నారు.

పై అంతస్తులో ఊరి చరిత్ర. పల్లెల నుంచి పనికొచ్చిన అమ్మాయిలు, ఐరిష్ వాళ్లు, ఫ్రెంచ్ కెనడియన్లు, గ్రీకులు. బయటికొచ్చి నాలుగు వీధులు నడిస్తే కంబోడియా వాళ్ల కిరాణా కొట్లు, హోటళ్లు, నగల షాపులు. అప్పటి నుంచి రెండు సందేహాలు తొలుస్తున్నాయి. మిల్లులన్నీ మూతపడ్డాక వచ్చిన వీళ్లకి ఆ మ్యూజియంతో సంబంధం ఏమిటి? అసలు మూతపడిన మిల్లులకి నేషనల్ పార్క్ హోదా ఎలా వచ్చింది? ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్లు చెప్పగలరా?

నదిగట్టు | నాషువా, న్యూ హాంప్‌షైర్

మంచి చర్చ మొదలుపెట్టావు తమ్ముడూ. నేను ఆ పక్క ఊళ్లోనే ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను. కాస్త పెద్ద పోస్టే అవుతుంది.

ఊరు ఉండి మిల్లు రావడం కాదు, మిల్లుల కోసమే ఊరు పుట్టింది. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బాస్టన్ వ్యాపారి 1810-12 మధ్య ఇంగ్లండ్‌లో ఉండి అక్కడి మరమగ్గాలు చూశాడు. యంత్రాలనీ వాటి నమూనాలనీ దేశం దాటనివ్వని రోజులవి. చూసిందంతా బుర్రలో పెట్టుకొచ్చి బాస్టన్ దగ్గర వాల్థమ్‌లో మిల్లు పెట్టాడు. 1817లో చనిపోయాడు. తన పేరున్న ఊరిని ఆయన చూడనేలేదు. ఆయన భాగస్వాములు ఇంకా పెద్ద మిల్లులకి నీటిబలం వెతుకుతూ మెరిమాక్ నది దగ్గరికి వచ్చారు. పాటకెట్ జలపాతం దగ్గర ఆ నది 32 అడుగులు కిందికి దిగుతుంది. పడవల కోసం 1796లో తవ్విన పాత కాలువ ఒకటి అప్పటికే ఉంది. దాన్ని వెడల్పు చేసి, కొత్త కాలువలు తవ్వి, ఆ నీటితో చక్రాలు తిప్పాలని పథకం. మొత్తం కాలువలు ఐదున్నర మైళ్ల పైనే.

ఎవరు తవ్వాలి? 1822 ఏప్రిల్లో హ్యూ కమిస్కీ అనే ఐరిష్ మేస్త్రీ 30 మంది కూలీలని వెంటబెట్టుకుని బాస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్ నుంచి అంత దూరమూ నడిచి వచ్చాడు. పారలు, గడ్డపారలు, రాయి పగలగొట్టడానికి మందుగుండు, ఇవే పనిముట్లు. కంపెనీ వేసిన ఊరి ప్లానులో మిల్లులున్నాయి, హాస్టళ్లున్నాయి, చర్చి ఉంది. కాలువ తవ్వినవాళ్లకి మాత్రం ఒక్క ఇల్లూ లేదు. వాళ్లు ఖాళీ నేల మీద చెక్కలతో, మట్టితో గుడిసెలు వేసుకున్నారు. ఆ పేటనే ఇప్పటికీ ఏకర్ అంటారు. 1831లో అక్కడ సెయింట్ పాట్రిక్ చర్చి లేచింది. అదే ఏడాది ఐరిష్ వాళ్ల మీద స్థానికులు దాడికి దిగి రాళ్లతో కొట్టుకున్నారు కూడా.

1823లో మొదటి గుడ్డ తయారైంది. మగ్గాల మీద ఐరిష్ వాళ్లు లేరు. చుట్టుపక్కల పల్లెల రైతుల ఇళ్ల నుంచి పెళ్లికాని అమ్మాయిలని తెచ్చారు. వాళ్లకి కంపెనీ హాస్టళ్లు, వార్డెన్లు, రాత్రి పదింటికి తలుపులు మూసెయ్యడం, ఆదివారం తప్పనిసరిగా చర్చి. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. వారానికి 70 గంటల పైనే పని. మ్యూజియం పక్కనే ఉన్న పాత హాస్టల్ బిల్డింగు చూశావా? చూడకపోతే తప్పకుండా వెళ్లు. భోజనాల బల్ల, వంటిల్లు, పైన పడకగది అప్పట్లో ఎలా ఉండేవో అలా పెట్టారు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పడుకునేవాళ్లు.

సిరిసిల్ల_సాంచా | సిరిసిల్ల

అన్నా, ఆ నేత గది వీడియో ఎవరో పెడితే చూసిన. అవి డ్రేపర్ కంపెనీ ఆటోమేటిక్ మగ్గాలు. మా ఊళ్లో సాంచాల (మరమగ్గాల) మధ్య పుట్టి పెరిగినోణ్ణి, ఒక మాట చెప్తా.

మామూలు సాంచాలో కండె (దారం చుట్టిన గొట్టం) అయిపోతే మగ్గం ఆపి, నాడె (కండెని మోస్తూ అటూ ఇటూ తిరిగేది) తీసి, కొత్త కండె వెయ్యాలి. డ్రేపర్ మగ్గానికి పక్కన గుండ్రటి చక్రంలాంటిది ఉంటుంది, దాంట్లో కండెలు నింపి పెడతారు. ఒకటి అయిపోగానే మగ్గం ఆగకుండానే ఇంకోటి నాడెలో పడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దానివల్ల ఏమైందో అది కూడా చెప్పాలె. మొదట్లో అక్కడ ఒక్క అమ్మాయి రెండు మగ్గాలు చూసేది. తర్వాత మూడు, నాలుగు అప్పజెప్పిన్రు. ఈ ఆటోమేటిక్ మగ్గం వచ్చినాక ఒక్క మనిషికి ఇరవై దాకా అంటగట్టిన్రు. కూలి మాత్రం ఆ లెక్కన పెరగలే.

ఇంకోటి. మిల్లు కిటికీలు ఎండాకాలం కూడా తెరిచేవాళ్లు కాదంట. గాలి పొడిగా ఉంటే పడుగు దారం తెగుతుంది, అందుకే తేమ పెట్టి గది మూసి ఉంచుతారు. దాంట్లోనే నూలు దుమ్ము తిరుగుతుంటుంది. పాత రకం నాడెకి దారం ఎక్కించాలంటే చిన్న కన్నం దగ్గర నోరు పెట్టి పీల్చాలి. దారంతో పాటు దుమ్మూ లోపలికి పోతుంది. ఆ నాడెనే తర్వాత షిఫ్టులో ఇంకొకరు నోట్లో పెట్టుకుంటరు. క్షయ అట్ల కూడా పాకిందంటరు. మ్యూజియంలో ఆ నాడె ఉంటే ఫొటో పెట్టు తమ్మీ.

నిక్కచ్చి | హైదరాబాద్

నేను కార్మిక సంఘంలో పనిచేసి రిటైరైన మనిషిని. పై పోస్టులు బాగున్నాయి. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం పక్కకి పోతోంది.

ఈ వలసలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే రాలేదు. 1834లో కంపెనీలు కూలి తగ్గిస్తే ఆ పల్లెటూరి అమ్మాయిలు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్లీ వచ్చారు, ఆసారి సుమారు 1500 మంది. 1840ల్లో సారా బాగ్లీ నాయకత్వంలో సంఘం పెట్టి పదిగంటల పని కోసం సంతకాలు సేకరించి రాష్ట్ర శాసనసభ దాకా వెళ్లారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్లి కరువొచ్చింది. ఓడల నిండా జనం దిగారు. అంతకుముందు మగ్గాల దగ్గరికే రానివ్వని ఐరిష్ వాళ్లకి మిల్లు తలుపులు తెరుచుకున్నాయి. లోవెల్ మిల్లుల్లో ఒకటైన హామిల్టన్ కంపెనీ రికార్డుల్లో 1836లో విదేశాల్లో పుట్టినవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. 1860కి నూటికి 60 దాటారు. సమ్మె చేస్తే తిరిగి వెళ్లడానికి పల్లెలో ఇల్లున్న అమ్మాయి ఒకరు, తిరిగి వెళ్తే ఆకలిచావే అయిన మనిషి ఇంకొకరు. యజమానికి ఎవరు అనుకూలమో చెప్పక్కర్లేదు.

తర్వాత ఐరిష్ వాళ్లు కుదురుకుని గొంతెత్తేసరికి క్యూబెక్ నుంచి ఫ్రెంచ్ కెనడియన్లు, వాళ్ల వెనక గ్రీకులు, పోలిష్ వాళ్లు, పోర్చుగీసు వాళ్లు. ప్రతి కొత్త గుంపునీ కింది మెట్టు మీద పెట్టారు, పాతవాళ్లకి కొత్తవాళ్లని చూపించి భయపెట్టారు. దీన్ని 'రకరకాల సంస్కృతుల కలయిక' అని అందంగా రాసి గోడకి తగిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మ్యూజియం ఈ సంగతి సూటిగా చెబుతోందా లేదా? నేను చూడలేదు, చూసినవాళ్లు చెప్పండి.

నదిగట్టు | నాషువా

నిక్కచ్చి గారూ, చాలావరకు చెబుతోంది. సమ్మెలున్నాయి, పదిగంటల పోరాటం ఉంది, మగ్గాల సంఖ్య పెంచి పిండుకున్న తీరు ఉంది. పక్క ఊరు లారెన్స్‌లో 1912 చలికాలంలో డజన్ల భాషల వాళ్లు కలిసి చేసిన పెద్ద సమ్మె గురించి మీకు తెలిసే ఉంటుంది. అది ఆ వసంతంలో లోవెల్‌కీ పాకింది. ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి వీళ్లు కలవలేరన్న యజమానుల లెక్క అక్కడ తప్పింది. మీరన్నట్టు కొత్తవాళ్లని పాతవాళ్ల మీదికి ప్రయోగించడం నిజమే. దానికి ఇదీ జోడించాలి.

తమ్ముడి రెండో ప్రశ్నకి వస్తాను. నేషనల్ పార్క్ ఎలా వచ్చింది?

1920లో లోవెల్ జనాభా 1,12,759. అదే శిఖరం. ఆ తర్వాత మిల్లులు దక్షిణాదికి తరలిపోయాయి. అక్కడ కూలి తక్కువ, సంఘాలు తక్కువ. ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చి బూట్ మిల్లు కూడా 1950ల మధ్యలో ఆగిపోయింది. 1960ల్లో పట్టణ పునరుద్ధరణ పేరుతో పాత పేటలు కూల్చారు. ఫ్రెంచ్ కెనడియన్ల లిటిల్ కెనడా మొత్తం నేలమట్టమైంది. రెండు మూడు తరాలు ఒకే వీధిలో ఫ్రెంచ్ మాట్లాడుతూ బతికిన జనం చెల్లాచెదురయ్యారు. రచయిత జాక్ కెరువాక్ 1922లో ఇక్కడి ఫ్రెంచ్ కెనడియన్ ఇంట్లోనే పుట్టాడు, చిన్నప్పుడు ఆయనకి వచ్చిన మొదటి భాష ఫ్రెంచే. కాలువలు కూడా పూడ్చేద్దామన్నారు. మురికి నీళ్లు, ఎలుకలు, పనికిరాని గోడలు అని ఊరివాళ్లే ఊరిని చూసి సిగ్గుపడే రోజులవి.

అప్పుడు పాట్రిక్ మోగన్ అనే విద్యాధికారి ఒక మాట పట్టుకున్నాడు. ఈ పిల్లలు బడిలో వెనకబడటానికి ఒక కారణం తమ ఇంటి చరిత్రకి ఊళ్లో విలువ లేకపోవడమే, కాబట్టి ఊరినే బడిగా చేద్దాం అని. 1970ల మొదట్లో ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. తర్వాత కాంగ్రెస్‌కి ఎన్నికైన పాల్ సాంగస్ దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఆయన లోవెల్ గ్రీకు కుటుంబం పిల్లవాడు, తండ్రిది బట్టలు డ్రైక్లీనింగ్ చేసే దుకాణం. 1978 జూన్ 5న ప్రెసిడెంట్ కార్టర్ సంతకంతో లోవెల్ నేషనల్ హిస్టారికల్ పార్క్ ఏర్పడింది. కొండలు, అడవులు, యుద్ధభూములు కాకుండా కూలిపనివాళ్ల ఊరిని దేశం గుర్తుపెట్టుకోవాలని చట్టం చేయించింది కూలిపనికి వచ్చినవాళ్ల పిల్లలు. హాస్టల్ బిల్డింగులో మోగన్ పేరిట సాంస్కృతిక కేంద్రం 1989లో, బూట్ మ్యూజియం 1992లో తెరిచారు. ఇది ఎవరో పెద్దాయన దానమిచ్చిన మ్యూజియం అయ్యుంటే మీకు ఒళ్లు మండటం న్యాయమే. దీని పుట్టుక వేరు.

షోలాపూర్_ఆడపడుచు | షోలాపూర్

ఈ చర్చ చదువుతుంటే మా ఊరే కళ్ల ముందు కనిపిస్తోంది. మాది షోలాపూర్ తూర్పు భాగం. మా ముత్తాతల కాలంలో కరీంనగర్ జిల్లా నుంచి వచ్చాం, పద్మశాలీలం. ఇక్కడ 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మిల్లులకి, చాదర్లు నేసే కార్ఖానాలకి మన తెలుగువాళ్లు పల్లెలకి పల్లెలే కదిలొచ్చారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. రాఖీ పున్నమికి మార్కండేయ స్వామి రథం లాగుతాం. మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టడం. మా అమ్మ చేటలో ఆకు, తంబాకు, కత్తెర పెట్టుకుని కూర్చుంటే లేచేసరికి నడుము పట్టేసేది. బీడీల కంపెనీ మనిషి లెక్కపెట్టి, బాగాలేవని గుప్పెడు పక్కన పడేసి మిగతా వాటికే డబ్బులిచ్చేవాడు.

మా పెద్ద మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పొగగొట్టాలు పడగొట్టారు, స్థలాలు చేతులు మారాయి. వేల తెలుగు కుటుంబాలు నిలబెట్టిన ఊళ్లో ఆ మనుషుల కథ చెప్పడానికి ఒక గది అయినా లేదు. ఊరికి చాదర్ అని పేరుంది, నేసినవాళ్ల పేర్లెక్కడ?

నదిగట్టు అన్నయ్యా, నాదొక ప్రశ్న. ఆ మ్యూజియంలో పెళ్లికాని అమ్మాయిల గురించి చాలా ఉందన్నారు. తర్వాత వచ్చిన ఐరిష్, గ్రీకు, ఫ్రెంచ్ ఆడవాళ్ల మాటేమిటి? పిల్లల్ని కని, ఇంటిపని చేసి, మిల్లుకీ వెళ్లినవాళ్లు? వాళ్లకి ఆ మొదటి అమ్మాయిల్లా పత్రికలు రాసే తీరిక ఉండి ఉండదు.

నదిగట్టు | నాషువా

చెల్లెమ్మా, అసలైన చోట పట్టుకున్నావు. మొదటి తరం అమ్మాయిలు చదువుకున్నవాళ్లు. 1840 నుంచి 1845 దాకా సొంతంగా పత్రిక నడిపారు, ఇళ్లకి ఉత్తరాలు రాశారు. కాగితం మీద మిగిలిన గొంతులు వాళ్లవే కాబట్టి ఏ మ్యూజియమైనా అటే మొగ్గుతుంది. తర్వాత వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాదు, కొందరికి ఏ రాతా రాదు. వాళ్లు మిగిల్చింది జీతాల పుస్తకంలో ఒక వరుస, చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు.

దానికి రెండు దారులు తొక్కారు. ఒకటి, 1980ల్లో పురావస్తు శాస్త్రవేత్తలు బూట్ హాస్టళ్ల వెనక పెరళ్లు తవ్వారు. విరిగిన పింగాణీ, గుండీలు, మందుసీసాలు, పొగాకు గొట్టాల ముక్కలు దొరికాయి. రాసుకోనివాళ్లు ఏం తిన్నారు, ఏం తాగారు, జబ్బుకి ఏం మింగారు అన్నది ఆ చెత్త చెప్పింది. రెండు, మిల్లుల్లో పనిచేసి ఇంకా బతికున్న ముసలివాళ్ల మాటలు టేపుల్లో రికార్డు చేశారు. మీ అమ్మగారు చెప్పే గుప్పెడు బీడీల సంగతి లాంటివే వాటినిండా. రిజిస్టర్‌లో అలాంటిది ఎక్కడా రాయరు కదా.

నిక్కచ్చి | హైదరాబాద్

నదిగట్టు గారూ, సాంగస్, మోగన్‌ల సంగతి నాకు కొత్త. కొంతవరకు ఒప్పుకుంటున్నాను. పునాది ఎవరు వేశారన్నదొకటి, ఇవాళ గోడ మీద ఏముందన్నది ఇంకొకటి.

ఆ మిల్లులకి పత్తి ఎక్కడిది? దక్షిణాది తోటల్లో నల్లజాతి బానిసలు ఏరిన పత్తి. లోవెల్‌లో నేసిన ముతక గుడ్డల్లో కొంత మళ్లీ ఆ తోటలకే, బానిసల బట్టల కోసం వెళ్లేది. వలసవచ్చినవాళ్ల కథలో ఈ బలవంతపు వలసని కూడా చేర్చకపోతే లెక్క సరిపోదు. షోలాపూర్ అమ్మాయి మాటతో నాకు మా వరంగల్ ఆజంజాహీ మిల్లు గుర్తొచ్చింది. నిజాం కాలం మిల్లు, 1934లో మొదలైంది. మూతపడ్డాక స్థలం ప్లాట్లైపోయింది. యంత్రం చప్పుడు వినిపించే గది మాకూ లేదు.

కృష్ణాతీరం | మచిలీపట్నం

మధ్యలో దూరుతున్నాను, ఒక్క ముక్క. ఆ ఫ్రాన్సిస్ లోవెల్‌కి మన దేశంతోనూ లింకుంది. అప్పట్లో అమెరికా రేవుల్లో దిగే చవక నూలుబట్టలో చాలా భాగం ఇండియా నుంచి, ముఖ్యంగా కలకత్తా వైపు నుంచి వెళ్లేది. 1816లో అక్కడి ప్రభుత్వం పన్నుల చట్టం తెచ్చింది. గుడ్డ అసలు ధర ఎంత తక్కువైనా సరే గజం 25 సెంట్లని లెక్కగట్టి పన్ను వేసింది. దాంతో చవకగా వెళ్లే మన ముతక గుడ్డకి అక్కడ చోటు లేకుండా పోయింది. ఆ నిబంధన కోసం వాషింగ్టన్‌లో తిరిగినవాళ్లలో లోవెల్ ఒకడు. నేత ఇక్కడ చితికిపోవడానికి మాంచెస్టర్ ఒక్కటే కారణమని చదువుకున్నాం, దూరాన ఈ నదీ ఒక చెయ్యి వేసింది.

కొత్తగా_వచ్చా | లోవెల్

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. సిరిసిల్ల అన్నా, నాడెల ఫొటో ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా తీస్తాను. కంబోడియా వాళ్ల గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

తెల్లచీర_నర్సు | లోవెల్

నేను చెబుతాను. నేను ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. నా పేషెంట్లలో ముసలి కంబోడియన్లు చాలామంది ఉంటారు.

1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో కంబోడియాలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆకలితో, వెట్టిచాకిరితో, హత్యలతో. బతికినవాళ్లు థాయిలాండ్ సరిహద్దు క్యాంపుల్లో ఏళ్లపాటు ఉండి, 1980ల్లో ఇక్కడికి చేరారు. లోవెల్‌నే ఎందుకు? అద్దెలు తక్కువ, ఖాళీ ఇళ్లు చాలా ఉన్నాయి, ఇంగ్లిష్ పెద్దగా రాకపోయినా దొరికే పనులున్నాయి. అప్పట్లో ఈ చుట్టుపక్కల కంప్యూటర్ కంపెనీలు వెలుగుతున్నాయి. వాంగ్ లేబొరేటరీస్ హెడ్డాఫీసు లోవెల్‌లోనే. దాన్ని పెట్టిన ఆన్ వాంగ్ కూడా చైనా నుంచి వచ్చినవాడే. ఎలక్ట్రానిక్స్ బోర్డుల మీద చిన్న చిన్న భాగాలు అతికించే పనిలో ఎందరో కంబోడియన్ ఆడవాళ్లు చేరారు. మగ్గం పోయి బోర్డు వచ్చింది. 1992లో వాంగ్ దివాలా తీసింది. మిల్లులు మూతపడినప్పుడు గ్రీకులు, ఫ్రెంచ్ వాళ్లు పడ్డ పాట్లే వీళ్లూ పడ్డారు.

ఇవాళ అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ తర్వాత ఎక్కువమంది కంబోడియన్లున్న ఊరిగా లోవెల్‌కి పేరు. 1986లోనే శరణార్థులు ఆంకోర్ డాన్స్ ట్రూప్ పెట్టుకున్నారు. ఎందుకంత తొందర అంటే, వాళ్ల నాట్యగురువుల్లో అధికభాగం ఖ్మేర్ రూజ్ కాలంలో చనిపోయారు. మిగిలినవాళ్లు పోయేలోగా పిల్లలకి నేర్పాలి. 1997 నుంచి మెరిమాక్ నదిలో పడవల పండగ చేస్తున్నారు. ఒకప్పుడు నీటిచక్రాల కోసం కట్టిపడేసిన నదిలో, మెకాంగ్ నది పక్కన పుట్టినవాళ్లు పొడుగాటి పడవలు పందెం వేస్తారు. గట్టు మీద కాల్చిన మాంసం, నిమ్మగడ్డి వాసన, మైకులో పాటలు, జనం ఇసుకేస్తే రాలరు.

ఇక మ్యూజియం సంగతి. పార్కు వాళ్లు కంబోడియన్లని పక్కన పెట్టలేదు. ఏటా జరిగే జానపద ఉత్సవంలో ఈ నాట్యబృందం ఉంటుంది, వలసల ప్రదర్శనలో తర్వాత వచ్చినవాళ్ల ప్రస్తావన కూడా ఉంది. కానీ నాకు అనిపించేది, వాళ్లని పండగలకి పిలిచినంతగా చరిత్రలోకి పిలవలేదని. ఊరి కౌన్సిల్ సంగతి చూడండి. 1999లో దేశంలోనే మొదటిసారిగా ఒక కంబోడియన్ అమెరికన్ ఇక్కడి కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు. అయినా ఊళ్లో దాదాపు సగం మంది తెల్లవాళ్లు కానివాళ్లున్నా, ఊరంతా కలిపి ఒకే నియోజకవర్గం కాబట్టి చాలా ఏళ్లు కౌన్సిల్ అంతా తెల్లవాళ్లే. 2017లో ఆసియన్, లాటినో ఓటర్లు కోర్టుకెక్కారు. 2019లో రాజీ కుదిరింది, పేటల వారీగా ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 2022 జనవరిలో సొఖారీ చావ్ మేయర్ అయ్యారు, అమెరికాలోనే మొదటి కంబోడియన్ అమెరికన్ మేయర్. 1836 అమ్మాయిల సమ్మె ఎంత చరిత్రో ఈ కేసు కూడా అంతే చరిత్ర. దానికి ఒక గోడ ఎందుకు ఉండకూడదు?

నిక్కచ్చి | హైదరాబాద్

నర్సమ్మా, ఈ పోస్టుకి దండం. నేను అడగాలనుకున్నది మీరు చెప్పేశారు.

నదిగట్టు | నాషువా

ఒక మాట కలుపుతాను. లోవెల్‌లో ఇంకో మ్యూజియం కూడా ఉండేది, అమెరికన్ టెక్స్‌టైల్ హిస్టరీ మ్యూజియం. నార్త్ ఆండోవర్ నుంచి 1997లో ఇక్కడికి మారింది. వాళ్ల దగ్గర రాట్నాలు, మగ్గాలు, గుడ్డల నమూనాలు, పుస్తకాలు అద్భుతంగా ఉండేవి. డబ్బుల్లేక 2016లో మూసేసి వస్తువులన్నీ తలా ఒకచోటికి పంపేశారు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. కారణాలు చాలా ఉండొచ్చు. నాకు తోచింది, యంత్రాలని చూడటానికి ఒకసారి వస్తారు, తమ మనుషుల కోసం మళ్లీ మళ్లీ వస్తారు. ఇటు పార్కులో సాంగస్ పేరుతో యూనివర్సిటీతో కలిసి పెట్టిన కేంద్రానికి స్కూలు పిల్లలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. చిన్న మగ్గం మీద తామే నేస్తారు, నీళ్లు వదిలి చక్రం తిప్పి చూస్తారు. ఆ పిల్లల్లో ఎందరి ఇళ్లలో ఖ్మేర్ (కంబోడియా భాష), స్పానిష్, పోర్చుగీస్ మాట్లాడతారో చూస్తే మోగన్ మాట ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

ఇంకో లెక్క. 1920 శిఖరాన్ని ఊరు మళ్లీ దాటడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది. 2020 జనాభా లెక్కల్లో 1,15,554. 1970లో 95 వేల లోపుకి పడిపోయిన ఊరిని మళ్లీ నింపింది కంబోడియన్లు, లాటిన్ అమెరికా వాళ్లు, ఆఫ్రికా వాళ్లు, మన ఇండియా వాళ్లూ. కాబట్టి నర్సమ్మ గారు అడిగిన గోడ న్యాయమైన కోరికే.

కొత్తగా_వచ్చా | లోవెల్

మన ఇండియా వాళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా క్లాసులో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. మనం కూడా ఆ వరుసలోకి వస్తామా? నాకైతే ఇబ్బందిగా ఉంది. మేం కరువు వల్ల రాలేదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రాలేదు. లోన్ టెన్షన్, వీసా టెన్షన్ ఉన్నాయి, అంతే.

షోలాపూర్_ఆడపడుచు | షోలాపూర్

తమ్ముడూ, ఎవరు ఎక్కువ కష్టపడ్డారని పోటీ పెడితే అది మ్యూజియం కాదు. మా తాతలు కూడా అప్పు తీర్చుకుని రెండేళ్లలో తిరిగి వెళ్లిపోదామనే వచ్చారు. మా ఇళ్లు ఇక్కడే పడ్డాయి. వచ్చినప్పుడు ఎవరికీ తెలియదు తాము ఆ ఊరి చరిత్ర అవుతామని. నీ దగ్గర ఉన్నవి దాచుకో. మొదటి అద్దె కాగితం, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి సీసా, ఏదైనా సరే.

సిరిసిల్ల_సాంచా | సిరిసిల్ల

అక్కా, వరంగల్ పక్కన గీసుగొండ దగ్గర 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకి పునాదిరాయి వేసినప్పుడు షోలాపూర్, భీవండి, సూరత్ పోయినోళ్లని వెనక్కి తెచ్చుకుంటమని చెప్పిన్రు. పోయినోళ్ల కథలు ముందు రాసి పెట్టుకుంటే కదా, వచ్చినోళ్లని గుర్తుపట్టేది. మీ అమ్మగారి మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. బీడీ కార్డు, మిల్లు పాసు, జీతం చీటీ ఏది ఉన్నా ఫొటో తీసి తేదీ రాసి పెట్టండి. మా ఇంట్ల నాయన వాడిన నాడె ఒకటుంది, అది తీసి తుడిచి పెట్టిన.

షోలాపూర్_ఆడపడుచు | షోలాపూర్

మొదలుపెడతాను తమ్ముడూ. మా వాడలో మిల్లు పాసులు దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ముందు మా గల్లీలో అడుగుతాను.

తెల్లచీర_నర్సు | లోవెల్

కొత్తగా_వచ్చా తమ్ముడూ, మార్కెట్ స్ట్రీట్‌లో పార్కు వాళ్ల విజిటర్ సెంటర్ ఉంది. అక్కడ రేంజర్లతో మాట్లాడొచ్చు, ఓపిగ్గా వింటారు. కోర్టు కేసుకీ, కొత్త కౌన్సిల్ పద్ధతికీ ప్రదర్శనలో చోటివ్వమని నేనొక లెటర్ రాస్తున్నాను. నా కంబోడియన్ పేషెంట్ల పిల్లలు కొందరు కూడా సంతకం పెడతామన్నారు. నువ్వూ, మీ ఫ్రెండ్సూ కలిస్తే బాగుంటుంది. ఊళ్లో ఉంటున్నవాళ్లు ఎవరైనా పెట్టొచ్చు.

కొత్తగా_వచ్చా | లోవెల్

తప్పకుండా అక్కా. శనివారం నాకు క్లాసుల్లేవు, మా రూమ్మేట్స్‌ని కూడా తీసుకొస్తాను. నిక్కచ్చి గారూ, పత్తి, బానిసల విషయం మీద ప్రదర్శనలో ఎంత రాశారో కూడా చూసి ఇక్కడ ఫొటోలు పెడతాను. లెటర్‌లో ఇంకేమైనా చేర్చాలంటే శుక్రవారం రాత్రిలోగా చెప్పండి.

నిక్కచ్చి | హైదరాబాద్

ఒక్కటి చేర్చండి. ఏ కొత్త గుంపు వచ్చినప్పుడు మగ్గానికి కూలి ఎంత, ముందు గుంపుకి ఎంత ఉండేది, ఈ రెండూ పక్కపక్కన ఒక పట్టికలో పెట్టమనండి. కంపెనీల జీతాల పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి కదా. ఆ పట్టిక చివర ఎలక్ట్రానిక్స్ బోర్డుల పని కూలి కూడా వెయ్యాలి.